రౌటర్ పక్కన ఒక చిన్న డబ్బా: ఇంట్లోనే సొంత సర్వర్ పెట్టుకోవడం ఎలా

మా అమ్మమ్మ పోయాక ఆమె వీడియోలన్నీ ఒకచోట చేర్చుదామని కూర్చుంటే, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఇంట్లో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదని అర్థమైంది. కొన్ని నాన్న ఫోన్‌లో, కొన్ని అక్క అమెరికా వెళ్తూ వదిలేసిన ల్యాప్‌టాప్‌లో, ఇంకొన్ని వాట్సాప్‌లో ఎవరో పంపితే అప్పుడు డౌన్‌లోడ్ చేయకుండా వదిలేసి, ఇప్పుడు ఎంత నొక్కినా తెరుచుకోనివి. క్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఎప్పుడో నిండిపోయింది. ఆ వారమే ఇంట్లో ఒక చిన్న సర్వర్ (రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండి ఇంటిల్లిపాది ఫైళ్లనూ ఒకచోట దాచే కంప్యూటర్) పెట్టాలని గట్టిగా అనుకున్నాను, పెట్టాను, ఇప్పటికి మూడేళ్లుగా నడుస్తోంది.

అది ఎలా పెట్టుకోవాలో, ముఖ్యంగా ఎక్కడెక్కడ దెబ్బ తింటామో రాస్తున్నాను. నల్లటి తెర మీద కమాండ్లు కొట్టే పని దాదాపు లేకుండా, బ్రౌజర్‌లోనే అంతా జరిగిపోయే పద్ధతి ఇది, కాబట్టి లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) తెలియదని వెనక్కి తగ్గకండి. డబ్బా కొనడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక ఆదివారం పని, అంతే. కరెంటు, డిస్కు, రెండో కాపీ, ఈ మూడింటిని సరిగ్గా చూసుకుంటేనే అది సర్వర్ అవుతుంది, లేకపోతే ఇంకో పాడైపోయే వస్తువు ఇంట్లోకి వచ్చినట్టే.

ఈ రకం కంప్యూటర్లను మొదట్లో ప్లగ్ కంప్యూటర్లు అనేవారు. ఫోన్ ఛార్జర్ కంటే కాస్త పెద్దగా ఉండి నేరుగా గోడ సాకెట్‌కే తగిలించే డబ్బా, లోపల మాత్రం పూర్తి స్థాయి లినక్స్ కంప్యూటర్. 2009లో మార్వెల్ కంపెనీ షీవాప్లగ్ అని ఒకటి తెచ్చింది. 1.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, ఒక నెట్‌వర్క్ పోర్టు, ఒక యూఎస్‌బీ పోర్టు, ధర 99 డాలర్లు. తెర లేదు, కీబోర్డు లేదు, నెట్‌వర్క్ కేబుల్ గుచ్చి వదిలేయడమే. దాని వెనకే గురుప్లగ్, డ్రీమ్‌ప్లగ్, పోగోప్లగ్ అంటూ చాలా వచ్చాయి. 2010లో ఎబెన్ మోగ్లెన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ న్యూయార్క్‌లో చేసిన ఒక ప్రసంగంలో ఈ డబ్బాల గురించే మాట్లాడారు. మన ఉత్తరాలు, ఫొటోలు, కబుర్లు అన్నీ పెద్ద కంపెనీల గదుల్లో ఉండాల్సిన అవసరం లేదు, ఇలాంటి చవక ప్లగ్ ఒకటి మన ఇంట్లోనే ఉంటే సరిపోతుంది అన్నది ఆయన వాదన. దాన్నుంచే ఫ్రీడమ్‌బాక్స్ అనే ప్రాజెక్టు పుట్టింది.

నేను వాడేది ఆ ఫ్రీడమ్‌బాక్స్ సాఫ్ట్‌వేరే. ఇది ఉచితం, లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో భాగం, పైగా సెట్టింగుల పేజీలు తెలుగులో కూడా కనిపిస్తాయి. అనువాదం అన్నిచోట్లా పూర్తిగా లేదు, అక్కడక్కడా ఇంగ్లిష్ తగులుతుంది, అయినా మా నాన్న ఆ పేజీ తెరిచి భయపడకుండా చదవగలిగారంటే దానివల్లే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు ఇదే సాఫ్ట్‌వేర్‌ను పల్లెల్లో వైఫై నడపడానికి కూడా వాడారు. మనవాళ్లు చేయి వేసిన సాఫ్ట్‌వేర్ అని నాకు దీనిమీద ఇంకాస్త ఇష్టం.

ఏ డబ్బా కొనాలి

పాత షీవాప్లగ్ లాంటిది ఎక్కడైనా చవగ్గా దొరికితే ముచ్చటగా ఉంటుంది కానీ కొనకండి. ఆ ప్రాసెసర్ జాతి బాగా పాతబడింది, 2025లో వచ్చిన డెబియన్ 13లో దానికి ఇన్‌స్టాలర్ కూడా ఇవ్వలేదు. నేను మొదట చేసిన పొరపాటు అదే. సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్లగ్ తెచ్చాను, కరెంటు సప్లై బోర్డు, కంప్యూటర్ బోర్డు రెండూ ఒకే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఇరుక్కుని ఉండేవి, ఆ వేడికి ఒక మే నెల తట్టుకుని రెండో మే నెలలో పోయింది. అప్పుడు నేర్చుకున్నది ఏమిటంటే, అడాప్టర్ వేరుగా, బోర్డు వేరుగా ఉండటమే మన ఎండలకు మంచిది. అడాప్టర్ పోతే అడాప్టర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇప్పుడైతే రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే, క్రెడిట్ కార్డు సైజు కంప్యూటర్ బోర్డు తీసుకోండి, 2 జీబీ ర్యామ్ చాలు. ఇంట్లో ఇప్పటికే పై 3 ఉంటే దాంతోనే మొదలుపెట్టండి, ఫైళ్లు కాస్త నెమ్మదిగా వెళ్తాయి, అంతకుమించి తేడా ఉండదు. రెండో దారి, ఆఫీసుల నుంచి బయటికొచ్చే అరచేతి వెడల్పు మినీ పీసీలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వాడినవి దొరుకుతాయి, వాటికి లోపలే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఉంటుంది, ఎస్‌డీ కార్డు గొడవ ఉండదు, కాకపోతే కరెంటు కాస్త ఎక్కువ తాగుతాయి. ఏది కొన్నా, కొనేముందు ఫ్రీడమ్‌బాక్స్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ పేజీ తెరిచి మీ బోర్డు పేరు అక్కడ ఉందో లేదో చూసుకోండి. మినీ పీసీ అయితే మామూలు 64 బిట్ ఇమేజ్ (డబ్బాలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ మొత్తం ఉన్న ఫైలు) సరిపోతుంది.

దీనితోపాటు కావాల్సినవి: ఒక మంచి కంపెనీ 32 జీబీ ఎస్‌డీ కార్డు, ఒక యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ (ఫొటోలకు 1 టీబీ చాలాకాలం వస్తుంది), ఒక మీటరు లాన్ కేబుల్, అల్యూమినియం కేసు. అడాప్టర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఇంట్లో పడున్న ఫోన్ ఛార్జర్ పెడితే ఆన్ అవుతుంది, లైటు వెలుగుతుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, సరిగ్గా డిస్కు పని పెరిగినప్పుడు వోల్టేజీ పడిపోయి ఎక్కడో ఒక ఫైలు పాడవుతుంది. అది మనకు ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. ఫోరెన్సిక్ పని చేసినా కారణం దొరకని సమస్యలు ఇవే. డిస్కుల సంగతి కూడా ఇంతే. పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి 1.2 ఆంపియర్లు మాత్రమే ఇవ్వగలవు, తిరిగే హార్డ్ డిస్కు మొదలయ్యేటప్పుడే ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. అందుకే ఎస్ఎస్‌డీ అన్నాను. హార్డ్ డిస్కే వాడాలంటే సొంత అడాప్టర్ ఉన్నది తీసుకోండి.

కరెంటు బిల్లు గురించి ఇంట్లో అడుగుతారు కాబట్టి లెక్క చెప్తాను. పై 4, ఎస్ఎస్‌డీ కలిపి సగటున 6 వాట్లు అనుకుంటే రోజుకు 144 వాట్ అవర్లు, నెలకు నాలుగుంపావు యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా నెలకు పాతిక, ఇరవై ఆరు రూపాయలు. అదే మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌ను 60 వాట్ల మీద రాత్రింబవళ్లు నడిపితే నెలకు 43 యూనిట్లు, పై స్లాబులోకి పోయే ఇళ్లలో అది ఇంకా నొప్పి.

ఎక్కడ పెట్టాలి, కరెంటు పోతే ఏంటి

టీవీ కింద మూసేసిన అరలో పెట్టకండి. ప్రాసెసర్ వేడి 80 డిగ్రీలు దాటితే రాస్‌ప్‌బెర్రీ పై తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, బయట 44 డిగ్రీలు ఉన్న రోజు మూసిన చెక్క అరలో అక్కడికి చేరడానికి పెద్ద సమయం పట్టదు. రౌటర్ పక్కన గోడకు నిలువుగా, గాలి ఆడేలా తగిలించండి. పశ్చిమం వైపు గోడ అయితే వద్దు. చీమలు, బల్లుల సంగతి కూడా చూసుకోండి, వెచ్చగా ఉండే చోటికి అవి చేరతాయి, కేసుకు పెద్ద కన్నాలు లేనిది తీసుకుంటే మేలు.

కరెంటు పోవడం కంటే పోయి వెంటనే రావడం ప్రమాదం. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిలే అని ధీమాగా ఉండకండి, ఇన్వర్టర్ మీదకు మారే ఆ క్షణంలో ఫ్యాన్‌కు తెలియదు కానీ చిన్న కంప్యూటర్ ఒక్కోసారి రీస్టార్ట్ అవుతుంది. ఎస్‌డీ కార్డు మీద ఏదైనా రాస్తున్నప్పుడు అలా జరిగితే కార్డు చెడిపోవచ్చు. రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్‌లు ఉంటాయి కదా, వాటిలో 12 వోల్టులతోపాటు 5 వోల్టుల అవుట్‌పుట్ కూడా ఉన్నవి దొరుకుతాయి, కొనేటప్పుడు ఆ 5 వోల్టుల వైపు 3 ఆంపియర్లు రాసుందో లేదో పెట్టె మీద చదవండి. లేకపోతే మామూలు కంప్యూటర్ యూపీఎస్‌కే రౌటర్, ఫైబర్ డబ్బా, సర్వర్ మూడూ తగిలించండి. ఇంత చిన్న లోడుకు అది చాలాసేపు వస్తుంది. ఉరుములు మెరుపుల రోజుల్లో ఊరెళ్తున్నామంటే నేనైతే పద్ధతిగా షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకేసి వెళ్తాను.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం

ల్యాప్‌టాప్‌లో ఫ్రీడమ్‌బాక్స్ ఇమేజ్ డౌన్‌లోడ్ చేయండి. బలేనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుని, ఇమేజ్ ఎంచుకుని, ఎస్‌డీ కార్డు ఎంచుకుని, ఫ్లాష్ నొక్కండి. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త, ఎంచుకున్నది ఎస్‌డీ కార్డేనా, ల్యాప్‌టాప్‌కు తగిలించిన ఇంకో డిస్కా అని రెండుసార్లు చూడండి, ఎందుకంటే ఎంచుకున్నదాంట్లో ఉన్నదంతా పోతుంది.

కార్డు డబ్బాలో పెట్టి, లాన్ కేబుల్ రౌటర్‌కు గుచ్చి, కరెంటు ఇవ్వండి. ఎస్ఎస్‌డీ ఇప్పుడే తగిలించకండి. మొదటిసారి తయారవడానికి పది నిమిషాల దాకా పడుతుంది, ఏమీ జరగట్లేదని మధ్యలో ఆఫ్ చేయకండి, టీ పెట్టుకుని రండి. తర్వాత అదే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి ఫ్రీడమ్‌బాక్స్ డాట్ లోకల్ (https://freedombox.local) అని కొట్టండి. రాకపోతే రౌటర్ పేజీలోకి వెళ్లి, కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో ఫ్రీడమ్‌బాక్స్ అన్న పేరు ఎదురుగా ఉన్న ఐపీ నంబర్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరం చిరునామా) కొట్టండి. ఆ నంబర్‌ను రౌటర్‌లోనే దానికి రిజర్వ్ చేసి పెట్టేస్తే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

బ్రౌజర్ ఈ సైటు సురక్షితం కాదని ఎర్రగా హెచ్చరిస్తుంది. డబ్బా తన సర్టిఫికెట్ (సైటు అసలైనదని చెప్పే గుర్తింపు పత్రం) తనే రాసుకుంది కాబట్టి అలా అంటుంది, ఇంట్లో మన వైఫైలోనే ఉన్నాం కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. బయట హోటల్ వైఫైలో ఇదే హెచ్చరిక వస్తే మాత్రం ముందుకు వెళ్లొద్దు, రెండింటికీ చాలా తేడా ఉంది.

అడ్మిన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ పొడవుగా పెట్టండి, పుట్టినరోజులు వద్దు. తర్వాత అప్‌డేట్‌లు వాటంతట అవే మొదలవుతాయి, అవి పూర్తయ్యాకే మిగతా పని చేయండి. భాష మెనూలో తెలుగు ఎంచుకోవచ్చు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో యూజర్ తయారుచేయండి, అడ్మిన్ హక్కు మీ ఒక్కరికే ఉంచుకుని, మిగతావాళ్లను ఫైల్ షేరింగ్ గ్రూపులో చేర్చండి. అప్‌డేట్‌లు ఇకముందు కూడా ఆటోమేటిక్‌గా వస్తూనే ఉంటాయి, దాన్ని ఎప్పుడూ ఆఫ్ చేయకండి.

డిస్కు, సాంబా

ఇప్పుడు ఎస్ఎస్‌డీ తగిలించండి. ముందే ఉండే కాక్‌పిట్ అనే యాప్ తెరిచి, స్టోరేజ్ భాగంలో మీ ఎస్ఎస్‌డీని ఈఎక్స్‌టీ4గా (లినక్స్ వాడే డిస్కు ఫార్మాట్) ఫార్మాట్ చేయండి, దానికో పేరు పెట్టండి. కొన్నప్పటి ఫార్మాట్‌లోనే వదిలేస్తే పనిచేస్తుంది కానీ ఎవరి ఫైలు ఎవరు చూడొచ్చు అన్న అనుమతులు సరిగ్గా నిలవవు. దీనివల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది. రేపు డబ్బా పోతే ఈ డిస్కును విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే నేరుగా చదవదు, లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బ్యాకప్ దగ్గర మళ్లీ వస్తుంది.

తర్వాత యాప్‌ల పేజీలో సాంబా ఇన్‌స్టాల్ చేయండి, సర్వర్‌లోని ఫోల్డర్లను ఇంట్లోని మిగతా కంప్యూటర్లకు పంచేది ఇదే. డిస్కుల జాబితా కనిపిస్తుంది, ఎస్ఎస్‌డీ ఎదురుగా మూడు రకాల షేర్లు ఉంటాయి. ఓపెన్ అంటే వైఫైలో ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా చూడొచ్చు, ఇది ఆన్ చేయకండి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ వైఫై పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు మనది. గ్రూప్ అంటే ఇంట్లో యూజర్లందరికీ ఉమ్మడి, ఇది ఆన్ చేయండి. హోమ్ అంటే ఎవరిది వాళ్లకే, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు పెట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. ఎస్‌డీ కార్డు ఎదురుగా మాత్రం ఏదీ ఆన్ చేయొద్దు. ఆ తర్వాత విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పైన అడ్రస్ చోట \\freedombox అని కొడితే ఫ్రీడమ్‌బాక్స్ తెరుచుకుంటుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే మామూలు ఫోల్డర్ లాగే వాడుకోవచ్చు.

ఫోన్ ఫొటోలు తమంతట తామే రావాలంటే

దీనికోసమే ఇదంతా. సాంబాలోకి ఫొటోలు చేత్తో లాగి వేయమంటే ఇంట్లో ఎవరూ చేయరు, నేనూ చేయను. అందుకే సింక్‌థింగ్, ఒక పరికరంలోని ఫోల్డర్‌ను ఇంకో పరికరంలోకి తనంతట తానే కాపీ చేస్తూ ఉండే యాప్. సర్వర్‌లో ఆ యాప్ ఇన్‌స్టాల్ చేసి, దాని వెబ్ పేజీ తెరవండి. ఫోన్ల కోసం సింక్‌థింగ్ వాళ్లే చేసిన ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబర్‌తో ఆగిపోయింది, ఇప్పుడు సింక్‌థింగ్ ఫోర్క్ అన్న పేరుతో ఉన్నది వాడుతున్నారు. ఐఫోన్ అయితే మోబియస్ సింక్ ఉంది, కానీ ఐఫోన్ వెనకాల యాప్‌లను ఎక్కువసేపు నడవనివ్వదు, వారానికోసారి యాప్ తెరిచి కాసేపు అలా ఉంచాలి.

ఫోన్‌లో యాప్ తెరిచి సర్వర్ పేజీలో కనిపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి, రెండువైపులా సరే అనాలి. తర్వాత ఫోన్‌లో కెమెరా ఫోల్డర్ ఎంచుకుని సర్వర్‌తో షేర్ చేయండి. ఫోన్ వైపు పంపడం మాత్రమే, సర్వర్ వైపు తీసుకోవడం మాత్రమే అని పెట్టండి. సర్వర్ వైపు ఫోల్డర్ దారిని ఎస్ఎస్‌డీలోని గ్రూప్ షేర్ ఫోల్డర్‌కు మార్చడం మరచిపోకండి, మరచిపోతే ఫొటోలన్నీ ఎస్‌డీ కార్డులో పడి రెండు వారాల్లో అది నిండి డబ్బా మొత్తం మొరాయిస్తుంది. చాలా ఫోన్లు బ్యాటరీ పేరుతో యాప్‌లను చంపేస్తాయి కాబట్టి బ్యాటరీ సెట్టింగుల్లో ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి, వైఫైలో ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే నడవమని పెట్టండి. రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకుంటే పొద్దునకు ఫొటోలు సర్వర్‌లో ఉంటాయి.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. పంపడం మాత్రమే అన్న మాట చూసి నేను మోసపోయాను. ఫోన్ నుంచి సర్వర్‌కు పంపేది కొత్త ఫొటోలు మాత్రమే కాదు, ఫోన్‌లో డిలీట్ చేసిన సంగతి కూడా పంపుతుంది. ఒకరోజు నాన్న ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని వచ్చింది, సర్వర్‌లో ఉన్నాయి కదా అని ధైర్యంగా అమ్మమ్మ వీడియోలతో సహా రెండేళ్ల ఫొటోలు తీసేశారు. నేను చెప్పిన మాట నమ్మే తీసేశారు ఆయన. తెల్లారేసరికి సర్వర్‌లో కూడా లేవు. ఇరవై రోజుల క్రితం విడిగా ఇంకో డిస్కులోకి తీసిన కాపీ ఉండబట్టి బతికాం, ఆ ఇరవై రోజుల ఫొటోలు మాత్రం పోయాయి. ఆ పూట పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి సర్వర్ వైపు ఫోల్డర్ సెట్టింగుల్లో ఫైల్ వెర్షనింగ్ అన్న చోట ట్రాష్ క్యాన్ ఎంచుకోండి, ఎన్ని రోజుల తర్వాత ఖాళీ చేయాలి అంటే సున్నా పెట్టండి, సున్నా అంటే ఎప్పటికీ ఖాళీ చేయొద్దని. ఇలా పెట్టాక ఫోన్‌లో తీసేసినవి సర్వర్‌లో దాగి ఉండే ఒక ఫోల్డర్‌లోకి వెళ్తాయి, పోవు. ఇది పెట్టాక ఒక పనికిరాని ఫొటో ఫోన్‌లో తీసి, దాన్ని డిలీట్ చేసి, సర్వర్‌లో ఆ ఫోల్డర్‌లోకి వచ్చిందో లేదో మీ కళ్లతో చూసుకోండి. చూసేదాకా ఇంట్లోవాళ్లకు ఫోన్ ఖాళీ చేసుకోవచ్చని చెప్పకండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, నెలకోసారి సింక్ ఫోల్డర్‌లోంచి ఫొటోలను సంవత్సరం, నెల పేరుతో ఉన్న వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసేయడం. ఆ ఫోల్డర్‌తో ఏ ఫోన్‌కూ సంబంధం ఉండదు.

బయటి నుంచి చూడాలంటే

డాలస్‌లో ఉన్న అక్క ఫోన్ నుంచి కూడా ఫొటోలు మా సర్వర్‌కు వస్తాయి, దానికి రౌటర్‌లో ఏ తలుపూ తెరవలేదు. సింక్‌థింగ్ నేరుగా దారి దొరక్కపోతే మధ్యలో రిలే సర్వర్ల మీదుగా వెళ్తుంది, మొత్తం తాళం వేసి పంపుతుంది కాబట్టి మధ్యవాళ్లు చూడలేరు, కాస్త నెమ్మది మాత్రం ఉంటుంది. చాలా ఇళ్లకు ఇది చాలు. ఇంతకుమించి బయటికి తెరవాల్సిన అవసరం నిజంగా ఉందా అని ఒకసారి ఆలోచించండి.

ఫైళ్లు కూడా బయటి నుంచి కావాలంటే ముందు మీ ఇంటి కనెక్షన్‌కు సొంత ఐపీ ఉందో లేదో చూడాలి. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (WAN IP) అని ఉన్న నంబర్, మీ ఐపీ ఎంత అని వెబ్‌లో వెతికితే వచ్చే నంబర్ ఒకటేనా చూడండి. ఒకటే అయితే ఫ్రీడమ్‌బాక్స్‌లో వైర్‌గార్డ్ యాప్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి, వీపీఎన్) పెట్టి, రౌటర్‌లో 51820 అనే యూడీపీ పోర్టు (నంబరున్న తలుపు లాంటిది) ఒక్కటే సర్వర్‌కు మళ్లించండి, ఫోన్‌లో వైర్‌గార్డ్ ఆన్ చేస్తే ఎక్కడున్నా ఇంట్లో ఉన్నట్టే. ఐపీ మారుతూ ఉంటుంది కాబట్టి, నంబర్ మారినా ఒకే పేరుతో ఇల్లు దొరికేలా చేసే డైనమిక్ డీఎన్ఎస్ కూడా పెట్టుకోవాలి, అదీ యాప్‌ల పేజీలోనే ఉంది. రెండు నంబర్లు వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, మీ ప్రొవైడర్ ఒకే ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నాడని అర్థం. అప్పుడు రౌటర్‌లో ఏం తెరిచినా లాభం లేదు. ప్రొవైడర్‌ను స్టాటిక్ ఐపీ (మీ ఇంటికే కేటాయించిన, మారని నంబర్) అడగాలి, డబ్బులు తీసుకుంటారు, లేదా పేజ్‌కైట్ లాంటి మధ్యవర్తి సేవ వాడాలి.

సాంబాను మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి. సాంబా వాడే 445 పోర్టు మళ్లించండి అని ఏ వీడియోలో చెప్పినా వినకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ ఫైల్ షేరింగ్ తలుపులోంచే, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అది విండోస్‌లోని లోపమే అయినా, ఆ తలుపును బయటి ప్రపంచానికి తెరిచిపెట్టడం ఎంత ప్రమాదమో దాంతో తెలిసింది.

రెండో కాపీ

సర్వర్‌లో ఉంది అంటే భద్రంగా ఉంది అని కాదు, ఒక చోట ఉంది అని మాత్రమే. ఇంకో యూఎస్‌బీ డిస్కు కొనండి, దీనికి చవక హార్డ్ డిస్కు చాలు, ఎక్స్‌ఫాట్ ఫార్మాట్‌లో పెట్టండి, ఎందుకంటే కష్టకాలంలో ఏ ల్యాప్‌టాప్‌కు తగిలించినా తెరుచుకోవాలి. నెలకోసారి ల్యాప్‌టాప్‌కు తగిలించి సాంబా ఫోల్డర్‌లోంచి మొత్తం దాంట్లోకి కాపీ చేయండి. నేను జీతం పడిన తర్వాత వచ్చే ఆదివారం చేస్తాను, అలా ఏదో ఒకదానికి ముడిపెట్టుకుంటేనే గుర్తుంటుంది. కాపీ అయ్యాక డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టేయండి, ఎప్పుడూ తగిలించే ఉంచితే సర్వర్‌తోపాటే అదీ పోతుంది. పండగకు తెనాలి వెళ్లినప్పుడల్లా నేను ఒక డిస్కు అక్కడ అమ్మానాన్నల దగ్గర వదిలి, అక్కడున్న పాతది తెచ్చుకుంటాను. ఇల్లు మునిగినా, దొంగలు పడినా ఒకటి మిగులుతుంది.

ఫ్రీడమ్‌బాక్స్‌లో బ్యాకప్‌లు అన్న పేజీ విడిగా ఉంటుంది, అది యాప్‌ల సెట్టింగులను రోజూ దాచిపెట్టడానికి బాగా పనికొస్తుంది, షెడ్యూల్ ఆన్ చేయండి. కానీ దాన్ని చూసి ఫొటోల కాపీ కూడా అయిపోయిందనుకోకండి. ఆర్నెల్లకోసారి బ్యాకప్ డిస్కులోంచి ఏదో ఒక పాత వీడియో తెరిచి చివరిదాకా చూడండి. తెరుచుకోని కాపీ కాపీ కాదు.

ఇంకేం పెట్టుకోవచ్చు

ఇవన్నీ నెల రోజులు సాఫీగా నడిచాకే కొత్తవి పెట్టండి. రాడికేల్ పెడితే ఇంటిల్లిపాది ఫోన్ నంబర్లు, క్యాలెండర్ సొంత సర్వర్‌లో ఉంటాయి, ఫోన్‌లో డావ్ఎక్స్5 యాప్ దానితో కలుస్తుంది. మా పిల్లలకు నచ్చింది కివిక్స్. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ చేసి ఇందులో పెడితే నెట్ లేని రోజు కూడా వైఫైలో చదువుకోవచ్చు. టీవీలో ఫొటోలు చూడాలంటే మినీడీఎల్ఎన్ఏ ఉంది. మెయిల్ సర్వర్ జోలికి మాత్రం వెళ్లకండి, ఇంటి కనెక్షన్ నుంచి పంపిన మెయిళ్లు ఎక్కువగా స్పామ్‌లోకే పోతాయి, ఎంత సమయం పెట్టినా ఫలితం ఉండదు.

చివరి పని, ఒక కాగితం. డబ్బా ఎక్కడుంది, దాని ఐపీ నంబర్ ఏమిటి, బ్రౌజర్‌లో షట్‌డౌన్ ఎక్కడ నొక్కాలి, బ్యాకప్ డిస్కు ఏ అరలో ఉంది, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్కడ రాసిపెట్టారు, ఇవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో ఇంకొకరి చేత ఒకసారి చేయించండి. మా ఇంట్లో నా భార్య ఆ కాగితం చూసుకుంటూ డబ్బా ఆపి, డిస్కు ఊడదీసి, మళ్లీ పెట్టి, ఆన్ చేసింది, పదిహేను నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుచోట్ల అర్థం కాలేదంటే ఆ రెండు వాక్యాలూ మార్చి రాశాను. ఆ కాగితం బీరువాలో ఇంటి పత్రాలతోపాటు ఉంది.